ఆరు నీళ్లతో సహా

హబ్సిగూడలో మా వీధికి రోజు విడిచి రోజు నీళ్లు.
తెల్లారి నాలుగుంపావుకి ఎల్లేశం వస్తాడు,
భుజాన ఛాతీ ఎత్తు ఇనప చాబీ.
రోడ్డు మధ్య మూత లేపి, చాబీ దించి,
పదకొండు చుట్లు తిప్పుతాడు.
లెక్కపెట్టాను, నేను ల్యాబు నుంచి ఇల్లు చేరే వేళ అదే.

నా పనీ ఒక వాల్వే,
కాకపోతే కంటికి కనపడదు.
మరిగే ఊటల్లో బతికే బాక్టీరియా ఒకటి,
దాని పొరలో ఐదు ప్రోటీన్ గొలుసులు
భుజం భుజం ఆనించి నిలబడతాయి,
కిరసనాయిలు గరాటు బోర్లించినట్టు.
మధ్యలో సందు.
ఆ సందులోంచి మెగ్నీషియం రావాలి.

అది ఒంటరిగా రాదు.
చుట్టూ ఆరు నీటి అణువులు, వదలమంటే వదలవు.
ఈ మాట చెబితే రుఖియా
కిటికీ కిందికి చూపించింది:
బడి పిల్లల ఆటో. డ్రైవరు ఒక్కడు,
చుట్టూ ఆరుగురు, ఒకడి కాలు బయట,
ఒకతె సంచీ గాల్లో.
"దించి ఎక్కించాలంటే పొద్దుగూకుతది.
అట్లనే పోనియ్యాలె."

పొటాషియం దారి వేరు.
గుమ్మం దగ్గర ఒంటిమీది తడంతా విడిచి దూరుతుంది.
మెగ్నీషియాన్ని ఆరబెట్టే ఖర్చు ఎవరూ భరించలేరు,
అందుకే ఈ గుమ్మం తడిబట్టలతోనే రానిస్తుంది.
గుమ్మం మీద మూడే పేర్లు:
గ్లైసిన్, మెథియొనిన్, ఆస్పరాజిన్.
ఒకటి చెరిపి చూశాను.
ఏదీ రాలేదు.
మళ్లీ రాసి పెట్టాను.

మే నెల, బయట నలభై మూడు.
లోపల, మూడు మిల్లీమీటర్ల రాగి జాలీ మీద
చుక్క వేసి, అద్ది, ద్రవ ఈథేన్‌లో ముంచితే
నీరు మంచు కావడం కూడా మరిచిపోయి
గాజవుతుంది.

ఏడు నెలలు ప్రతి బొమ్మా ఒకటే:
మూసిన తలుపు,
ఐదు రెక్కలూ సమానం, నందివర్ధనం పువ్వులా.
లోపల మెగ్నీషియం నిండుగా ఉంటే సరే,
గొలుసు గొలుసు మధ్యా దూరి కూచుని
ఐదింటినీ కదలనివ్వదు.
నేను కడిగేశాను కదా, చివరి రవ్వ దాకా,
మరెందుకు తెరవదు?

కంప్యూటర్లో ఒక గడి ఉంది,
ఐదు వైపులా ఒకటే అనుకొమ్మని యంత్రానికి చెప్పే గడి.
మొదటిరోజు టిక్కు పెట్టింది నేనే.
బొమ్మ అందంగా వస్తుందని.

గురువారం రాత్రి తీసేశాను.
రెండు లక్షల ముప్పై వేల మసక చుక్కలు
మళ్లీ మొదట్నుంచి.
ఇరవై ఆరు గంటలు యంత్రం గురక.

ఒకటి బయటికి ఒరిగింది.
పక్కది, దాని వెంట పోదామా వద్దా అన్నట్టు.
మూడోది కదల్లేదు.
మిగతా రెండూ పోల్చలేను,
నోటుబుక్కులో 'మసక' అనే రాశాను.
సందు తెరుచుకుని ఉంది.

అంటే ఇన్నాళ్లూ తెరిచే ఉంది.
ఐదింటినీ సగటు చేసి
మేమే మూసుకున్నాం.

రుఖియాకి ఫోన్ చేస్తే ఎత్తలేదు.
ఎవరికో ఒకరికి చెప్పాలి,
రోడ్డు మధ్య ఎల్లేశం ఉన్నాడు.

"మీ వాల్వు ఎవరు తిప్పుతరు మేడం?"
"ఎవరూ తిప్పరు. లోపల తక్కువైతే
అదే తెరుచుకుంటుంది. నిండితే మూసుకుంటుంది."

చాబీ మీద గడ్డం ఆనించి ఆలోచించాడు.
"మాకు గట్లుంటే
గుట్ట మీది బస్తీకే మొదలు తెరుచుకుంటుండె."
ఇంకాసేపాగి,
"నా నౌకరీ పోతుండె" అని నవ్వి,
తిప్పడం మొదలుపెట్టాడు.
ఇవాళ నేను లెక్కపెట్టలేదు.

గొట్టం దగ్గింది, గాలి కక్కింది,
ఎవరి మేడ మీదో బిందె మోగింది.
నా కుడి పిక్క పట్టేసింది.
లోపల తక్కువైందేమో.
గేటు పట్టుకుని
ఎడమ కాలి మీదికి ఒరిగి
కాసేపు అలాగే నిలబడ్డాను.